బంగళా వంటింట్లో మిగిలిన కోడి

వంటమనిషి పని అంటే వంట చెయ్యడమే అనుకుని ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ముందుగా ఒక మాట చెప్పాలి. వంట చెయ్యడం మన పనిలో సగం కూడా కాదు. వండింది ఎవరు తినాలి, ఎవరు తినకూడదు, ఎవరు తిన్న సంగతి ఎవరికి తెలియకూడదు, ఇదంతా మోయడమే అసలు పని. మొదటిది ఎవరైనా నేర్పుతారు. రెండోది ఎవరూ నేర్పరు. నేర్పితే వాళ్ళ గుట్టు బయటపడుతుంది. నేను పని మానుకున్నాను కాబట్టి నాకు ఆ భయం లేదు.

నేను కర్నూలు ట్రావెలర్స్ బంగళాలో వంట చేసినదాన్ని. అక్షరాలు నాకు తల నెరిసిన తరువాత వచ్చాయి. మా చర్చి పాస్టరుగారి భార్య సాయంకాలాలు పేట ఆడవాళ్ళను కూర్చోబెట్టి దిద్దించింది. బైబిలు చదువుకోవాలని నేర్చుకున్నానని అందరితో చెప్పాను గానీ, నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివింది మా బంగళా వంటింటి తలుపు మీది పలక. ‘పని లేనివారు లోపలికి రాకూడదు’ అని ఉంది. నేనున్నన్నాళ్ళూ ఆ తలుపులోంచి వచ్చినవాళ్ళలో పని లేనివాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు హాస్టళ్ళలో, ఆసుపత్రుల్లో వంటకు చేరుతున్న మా పేట ఆడపిల్లలు వచ్చి, అవ్వా నీ అనుభవం చెప్పు అంటారు. నోటితో చెప్పి చెప్పి విసుగు పుట్టి రాస్తున్నాను. ఎప్పుడు పర్మనెంటు అయ్యాను, ఎవరు సంతకం పెట్టారు, అవి రాయను. వాటిలో మీరు నేర్చుకునేది ఏమీ లేదు.

వంటింటి చట్టం

మా ఆయన ఆ బంగళాలో బట్లరు. తెల్లదొరల కాలంలోనే చేరాడు. సూపు, కట్లెట్టు, రోస్టు, పుడ్డింగు అన్నీ వచ్చు. చివరి రోజుల్లో ఆయన చెయ్యి వణికేది. ఆయన తలపాగా చుట్టుకుని బల్ల దగ్గర నిలబడేవాడు, వెనక వంటింట్లో నేను వండేదాన్ని. ఆయన పోయాక బంగళా బాధ్యత చూసే ఓవర్సీయరు వచ్చి, తగిన మనిషి దొరికేవరకు నువ్వే చెయ్యి అన్నాడు. తగిన మనిషి అంటే మగమనిషి అని ఆయన లెక్క. కొత్త అధికారి ఎవరు దిగినా నాకు వినపడేటట్టు ఆ మాట అనేవాడు. నాకేమో ఇద్దరు ఆడపిల్లలు, బంగళా వెనక ఒక గది. పని పోతే గది కూడా పోతుంది. మా పుట్టింటివాళ్ళు కోసిగి వైపు మనుషులు, వాన లేని ఏడు కూలి వెతుక్కుంటూ ఊరు విడిచి పోయేవాళ్ళు. వాళ్ళతో కలిసి నేనూ గంప ఎత్తుకోవడం తప్ప నాకు వేరే దారి లేదు.

బంగళాలో రెండో మనిషి వాచ్‌మన్ ఖాజా సాయిబు. కోడిని ఆయనే కోసేవాడు. తను కోసింది తప్ప తినేవాడు కాడు, అందుకని ఇంకెవరినీ కత్తి ముట్టనిచ్చేవాడు కాడు. ఆ వంటింటికి ఒక చట్టం ఉండేది. పళ్ళాల్లో మిగిలింది కుక్కలకు. గిన్నెలో మిగిలింది వంటమనిషికి, వాచ్‌మన్‌కు చెరిసగం. ఎవరు పెట్టారో తెలియదు, ఎక్కడా రాసి లేదు, దొరలు పోయినా చట్టం మాత్రం పోలేదు. కొత్తగా పనిలో చేరే పిల్లలు జీతం కన్నా ముందు ఇలాంటిది ఏదైనా ఉందేమో కనుక్కోండి. కోడిని ఎన్ని ముక్కలు కొట్టాలో మా ఆయనకు బాగా తెలుసు. అందులో ఎన్ని బల్ల మీదికి పోవాలో నాకు తెలుసు. దీన్ని దొంగతనం అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళెప్పుడూ బల్లకు అవతలి వైపు కూర్చున్నవాళ్ళే.

మా ఆయన ఉన్నప్పుడు ఒక ముసలి ఇంజినీరు వచ్చేవాడు. నోట్లో పన్ను లేదు. ఆ సంగతి ఒప్పుకునేవాడు కాడు. రోస్టు చేసిన కోడి కాలే కావాలనేవాడు. మేం మాంసాన్ని మెత్తగా ఉడికించి, రుబ్బి, కాలి ఎముక చుట్టూ పట్టించి, పైన ఎర్రగా కాల్చి పెట్టేవాళ్ళం. ఆయన దాన్ని చిగుళ్ళతో పీక్కుతిని, పక్కవాళ్ళకు ఒట్టి ఎముక ఎత్తి చూపించేవాడు. మనిషి మర్యాద కాపాడటానికి కూరకు కొంచెం వేషం వెయ్యవచ్చునని నేను అప్పుడే నేర్చుకున్నాను.

పథ్యం మనిషి

కర్నూలు రాజధాని అయిన రోజులవి. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. అధికారులకు ఇళ్ళు దొరక్క బంగళా గదుల్లో నెలల తరబడి ఉండిపోయేవాళ్ళు. అలా వచ్చినవాడు ఓబుళరెడ్డి సారు. కడప వైపు పెద్ద భూములున్న ఇంటి బిడ్డ. జొన్న పైరు మీద అమెరికాలో చదువుకుని వచ్చి వ్యవసాయశాఖలో చేరాడు. పెళ్ళి కాలేదు. ఉద్యోగంలో చేరీ చేరకముందే పచ్చకామెర్లు పట్టుకున్నాయి. మా బంగళా ముందు జట్కా దిగేటప్పుడు పసుపు పూసి నిలబెట్టిన వాసంలా ఉన్నాడు.

వెనకనే వాళ్ళమ్మ సుబ్బమ్మగారు దిగింది. నేరుగా వంటింటి గడప దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా, నా గిన్నెలన్నీ కళ్ళతోనే తోమింది. ఆమె ఉన్న నాలుగు రోజులూ వరండాలో వేరే పొయ్యి పెట్టుకుని, ఊరి నుంచి తెచ్చుకున్న పాత్రల్లో తనకు తానే వండుకుంది. నా చేతి వంట ఆమె తినదు. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇద్దరికీ తెలిసిన సంగతే. కొడుకు సముద్రాలు దాటి ఎవరెవరి చేతి కూడో తిని వచ్చాడు కాబట్టి అతని విషయంలో ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు.

పెద్దాసుపత్రి డాక్టరు వచ్చి చూశాడు. నూనె వద్దు, నెయ్యి వద్దు, వేపుళ్ళు అసలే వద్దు, కొవ్వు తీసి ఉడికించిన కోడి మాత్రం పెట్టండి, బలం వస్తుంది అన్నాడు. డాక్టరు గేటు దాటగానే సుబ్బమ్మగారు నన్ను పిలిచింది.

“చూడు రూతమ్మా, డాక్టరు చెప్పేది డాక్టరు చెప్తాడు. నా కొడుకు కంచంలో నీచు కనపడగూడదు. మా ఊరి గంగమ్మకు మొక్కుకున్యా. వాడు మునుపటి మాదిరి అయ్యేదాకా నేను గూడా నీచు ముట్టను. కన్నతల్లి నోరు కట్టుకోనుంటే వాడు తినొచ్చునా?”

“కనపడనియ్యనమ్మా” అన్నాను.

ఆమె పక్కనే నిలబడిన ఓవర్సీయరు వైపు తిరిగింది. “ఈమెతో కాకపోతే చెప్పప్పా. మా ఇంట్లో వంటకు నరసింహులు ఉండాడు. ఒక్క కబురు పంపితే వాన్ని తెచ్చి ఈ వంటింట్లో దించుతా.”

ఓవర్సీయరు ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. తగిన మనిషి, అదీ పెద్దింటివాళ్ళ సిఫారసుతో! ఆ రోజుతో నా సంగతి తేలిపోయింది. రెడ్డి సారు బాగుపడితే నేను ఉంటాను. పడకపోతే నా పిల్లలూ, నేనూ మూట కట్టుకోవాలి.

సుబ్బమ్మగారు ఊరికి పోయింది. నేను ఆమె చెప్పినట్టే గంజి, ఉడికిన బీరకాయ, పలచటి చారు పెట్టాను. ఆయన రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేవాడు. పక్క గదుల్లో వాళ్ళు కోడి తింటుంటే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అలా ఉంటే మనిషి బాగుపడేదెప్పుడు, నేను నిలిచేదెప్పుడు?

ఒక పొద్దున నేనూ, ఖాజా సాయిబూ రాత్రి సూపుకు ఉడికించిన కోడిలో మిగిలింది పంచుకుంటున్నాం. సారు వచ్చి గడపలో నిలబడ్డాడు. ఏం చేస్తున్నారని అడిగాడు. చట్టం ప్రకారం పంచుకుంటున్నామని ఖాజా సాయిబు గంభీరంగా చెప్పాడు. సారు లోపలికి వచ్చి రోటి మీద కూర్చున్నాడు.

“డాక్టరు వద్దన్యది నూనెను. మా అమ్మ వద్దన్యది కోడిని. ఇద్దరి మాటా వింటే నేను గాలి తిని బతకాల. మీ చట్టంలో మూడో మనిషికి జాగా ఉండాదా సాయిబూ?”

చాపచుట్టలు

ఆయన చెప్పిన కథ ఇది. అమెరికాలో ఆయన చదువుకున్న చోటు మెక్సికో దేశానికి దగ్గర. అక్కడ పండగనాడు టర్కీ కోడి అని మేకపిల్లంత కోడిని కాలుస్తారట. ఎంత తిన్నా మిగులుతుందట. మర్నాడు ఆయన ఉన్న ఇంటి మెక్సికో అవ్వ ఆ మిగిలిన మాంసాన్ని పీచులుగా చీల్చి, మొక్కజొన్న రొట్టెల్లో పెట్టి చుట్టి, ఎండుమిరపకాయల పులుసు పోసి, పెట్టెపొయ్యిలో కాల్చేదట. వేపుడు లేదు, తాలింపు లేదు. దాన్ని ఎంచిలాడా అంటారట. ఖాజా సాయిబు ఆ పేరు నోట్లో రెండుసార్లు తిప్పి చూసి, మనకు పనికిరాదని వదిలేశాడు. చుట్టిన చాపల్లా ఉంటాయని సారు చెప్పాడు కాబట్టి మేం చాపచుట్టలు అన్నాం.

ఖాజా సాయిబు మొదట ఒప్పుకోలేదు. మిగిలిన కోడి అంతా రెడ్డిసారు రొట్టెల్లోకి పోతే తన సగం ఏమవుతుందని అడిగాడు. కోడి బదులు చాపచుట్టల్లో వాటా ఇస్తానన్నాను. అది తినేదో పారేసేదో తేలిన తరువాత మాట్లాడదామన్నాడు.

మొక్కజొన్న పిండి మాకెక్కడిది? జొన్న చదువు చదివినాయనకు జొన్నే దిక్కు. నేను కోసిగి వైపు అలవాటు కొద్దీ పొద్దున్నే పలచగా రొట్టెలు తట్టి, కరకరలాడేటట్టు కాల్చి పెట్టాను. పొలానికి కట్టుకుపోయే రొట్టె అది, వారం ఉన్నా చెడదు. చుడదామని వంచితే పెంకులా పగిలింది. ఇంకోటి వంచాను. అదీ అంతే. ఖాజా సాయిబు ముక్కలన్నీ ఏరుకుని, అమెరికా వాళ్ళు కుండ పెంకులు తింటారేమోనమ్మా అని తన గదికి పట్టుకుపోయాడు.

రెండోసారి రొట్టెలు పగలకుండా పులుసులో నానబెట్టాను. కాసేపటికి తీసి చూస్తే అడుగున ఎర్రటి సంగటి ఉంది. సారు దాన్ని గరిటెతో కదిపి, ఈ పరీక్ష కూడా తప్పినాం రూతమ్మా అన్నాడు. అయినా తినేశాడు. రోగి గిన్నె నాకినప్పుడు వంట ఎటు పోవాలో వంటమనిషికి తెలిసిపోతుంది.

మూడోసారి కుదిరింది. పిండిలో మసిలే నీళ్ళు పోసి బాగా మెదిపాను. రొట్టె పెనం మీద పొంగగానే తీసి, ఒకదాని మీద ఒకటి తడిగుడ్డలో మూసి పెట్టాను. ఎండుమిరపకాయల గింజలన్నీ దులిపేసి, తొక్కలు మాత్రం వేడినీళ్ళలో నానేశాను. రంగు ఉంటుంది, మంట ఉండదు. ఉల్లిగడ్డలు, టమాటాలు నిప్పుల్లో కాల్చి, వెల్లుల్లి, జీలకర్రతో కలిపి ఆ తొక్కలతో రుబ్బాను. నూనె చుక్క పడలేదు. వెచ్చటి రొట్టెను వేడి పులుసులో ఇటు ముంచి అటు తీసి, కోడి పీచులు పరిచి, వేళ్ళు కాలుతున్నా వెంటనే చుట్టాను. పళ్ళెంలాంటి వెడల్పు తట్టలో కింద కాస్త పులుసు పోసి, చుట్టలు ఇరికించి పేర్చి, మిగతా పులుసు పైన పోశాను. సారు జున్నులాంటిదేదో పైన వెయ్యాలన్నాడు. మీగడ తీసిన పెరుగును గుడ్డలో వేలాడగట్టి, ఆ గట్టి ముద్ద చిదిమి చల్లాను.

కాల్చడం ఎట్లా అనేదానికి దారి చూపింది ఖాజా సాయిబే. “పెండ్లి బిర్యానీకి మేం ఏం చేస్తామమ్మా? కింద నిప్పులు, మూత మీద నిప్పులు. నీ మెక్సికో అవ్వ ఇంతకన్నా ఏం చేసింటాది?” అన్నాడు.

మూత తీసేసరికి పెరుగు అక్కడక్కడా ఎర్రబడి, పులుసు అంచుల్లో బుడగలు కడుతోంది. మొదటి రోజు కోడి కన్నా మర్నాటి కోడి ఇందులో బాగుంటుంది. రాత్రంతా దాని రసంలోనే నానుతుంది కాబట్టి పీచు మెత్తగా వస్తుంది. సారు తిన్నాడు. ఖాజా సాయిబు తిన్నాడు, తిని వాటాకు ఒప్పుకున్నాడు. అయితే తట్ట అడుగున అంటుకుని మాడీ మాడనట్టు ఉండే చుట్ట మాత్రం ప్రతిసారీ తనదే అన్నాడు. చట్టంలో ఆ మాట చేర్చుకున్నాం.

ఇక్కడ పిల్లలకు ఒక మాట. పథ్యం అంటే రుచి తీసెయ్యడం అనుకుని రోగిని శిక్షించే వంటవాళ్ళను చాలామందిని చూశాను. డాక్టరు తీసెయ్యమన్నది తీసెయ్యండి. మిగిలినదాంట్లో మీ తెలివి పెట్టండి. రోగికి నోరు చేదుగా ఉంటుంది, మన వంట కూడా దానికి తోడు కాకూడదు.

ఆ విధంగా వారానికి రెండుసార్లు చాపచుట్టలు. సారు కళ్ళలో పసుపు పోయింది. చెంపలు పూడాయి. తుంగభద్ర గట్టు వెంట పొద్దున్నే నడిచి వచ్చేవాడు. డాక్టరు వచ్చి పొట్ట నొక్కి చూసి, ఇంక నాతో పని లేదన్నాడు. ఓవర్సీయరు మాత్రం సారు ముఖం చూసినప్పుడల్లా ఏదో పోగొట్టుకున్నవాడిలా వెళ్ళేవాడు.

ఇంత బాగయ్యాక తల్లికి చెప్పవచ్చు కదా అని నేను సారును చాలాసార్లు అన్నాను. రైతులను కూర్చోబెట్టి గంటలు గంటలు మాట్లాడే మనిషి, అమ్మ పేరు ఎత్తితే పలక పోగొట్టుకున్న పిల్లవాడైపోయేవాడు. మొక్కు ఉండగా కోడి తిన్నానని తెలిస్తే ఊరికి లాక్కుపోయి మళ్ళీ మొదటి నుంచి పథ్యం పెడుతుందనేవాడు. వచ్చినప్పుడు చూసుకుందాంలే అనేవాడు. నాకు ఆయన భయం కన్నా నరసింహులు భయమే ఎక్కువ కాబట్టి నేనూ పెద్దగా ఒత్తలేదు.

సుబ్బమ్మగారు వచ్చిన రోజు

దసరా పోయిన తరువాత ఒక రోజు, చెప్పాపెట్టకుండా జట్కా ఆగింది. సుబ్బమ్మగారు దిగింది. వెనక నరసింహులు దిగాడు, చంకలో గుడ్డ చుట్టిన సొంత గరిటెతో. అప్పటికి వంటింట్లో తట్ట నిప్పుల మీద ఉంది. మూత మీద కూడా నిప్పులు ఉన్నాయి. దాన్ని దించి దాచేందుకు వీల్లేదు.

ఖాజా సాయిబు నా చెవిలో ధైర్యం చెప్పాడు. ఆమె మన వంటింట్లో అడుగు పెట్టదు, మన గిన్నె ముట్టదు, ఇంక ఎట్ల తెలుస్తాది అన్నాడు. నాకూ అదే ధైర్యం. ఆమె నా చేతి కూడు తినదన్న సంగతి నాకు ఎన్నడూ తీపిగా లేదు గానీ, ఆ రోజు మాత్రం దేవుడికి దండం పెట్టుకున్నాను.

సారును చూసి ఆమె ఇటూ అటూ తిప్పి చూసుకుంది. జబ్బలు పట్టి చూసింది. కళ్ళ కింది రెప్పలు లాగి చూసింది. ఆమె కళ్ళు తడిశాయి. వరండాలో సారుకు వడ్డించాను. ఏందిది అని అడిగింది. జొన్నరొట్టెమ్మా, రోట్లో నూరిన టమాటా ఊరుబిండి పూసి కాల్చింది, నూనె లేదు అని సారు చెప్పాడు. చుట్ట విప్పితే లోపలి సంగతి బయటపడుతుందని, ఒక్కో చుట్టను రెండే కొరుకుళ్ళలో లోపల వేసుకున్నాడు. రెండు బుగ్గలూ ఉబ్బి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, బాగుండాదమ్మా అని తల ఊపాడు. ఆమె ఆ బుగ్గలనే చూస్తూ కూర్చుంది.

తరువాత ఆమె పనులు పురమాయించింది. ఖాజా సాయిబును ఓవర్సీయరును పిలుచుకురమ్మని పంపింది. నన్ను పిలిచి, నరసింహులుకు బావి, కట్టెల కొట్టం, సామాన్ల గది అన్నీ చూపించమంది. అప్పగింతలు చెయ్యమంటున్నదని అర్థమైంది. కట్టెల కొట్టం చూపిస్తుంటే నరసింహులు పాపం, నీ గది వర్షానికి కారుతుందా అక్కా అని మెల్లగా అడిగాడు. కారదు అని చెప్పాను. అబద్ధం చెబుదామా అనిపించింది గానీ చెప్పలేదు.

అతన్ని బావి దగ్గర వదిలి, తట్ట సంగతి చూద్దామని వంటింటికి వచ్చాను. గడపలోనే ఆగిపోయాను.

సుబ్బమ్మగారు నా వంటింట్లో, నా పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో నా సత్తుగిన్నె. చేతిలో సగం కొరికిన చాపచుట్ట. తట్టలో మూడు వంతులు ఖాళీ.

“తలుపు ఏసి రా” అంది.

వేసి వచ్చాను.

“కోడే గదా ఇది?”

అమ్మా మీరు తెలియక తిన్నారు, మొక్కు దోషం నాది అన్నాను.

“తెలియకనా? పుట్టినప్పటి నుంచి కోడి తిన్న నోరు ఇది. మొదటి కొరుకుడుకే తెలిసిపాయ.”

“మరి ఆ తరువాత...”

“తెలిసినాక ఆపేటోళ్ళు ఎవురుంటారే?” అని మిగతా సగం కూడా నోట్లో వేసుకుంది. నమిలి మింగిన తరువాత అడిగింది. “ఎన్నాళ్ళ నుంచి పెడతాండావు వానికి?”

“మీరు పోయినాక పక్షం నుంచేనమ్మా.”

“వాడు ఎప్పటికి బాగైనాడు?”

“శ్రావణానికే నడుస్తాండెమ్మా. డాక్టరు గూడా అప్పుడే చాలించుకున్యాడు.”

ఆమె గిన్నె కింద పెట్టింది. ఇప్పుడు పిడుగు పడుతుందనుకున్నాను. పడింది గానీ నేను అనుకున్న వైపు కాదు.

“శ్రావణానికే బాగైనాడా? వాడు మునుపటి మాదిరి అయ్యేదాకనే గదా నా మొక్కు? అయితే నా మొక్కు శ్రావణానికే తీరిపోయిండాది. నాకెవురూ చెప్పల్యా. దసరాకు ఇల్లంతా పొట్టేలి కూర ఉడుకుతాంటే, నేను మూలన కుచ్చోని ఒట్టి పప్పుచారు పోసుకున్యా. నా కోడండ్లు నా ముందరే బొమికలు చీకినారు. వీడు ఈడ కోడి తిని బుగ్గలు పెంచుతాండాడు, నేను ఆడ ఎండుకోని పోతాండా. ఒక కార్డు ముక్క రాయిస్తే మీ సొమ్మేం పోతాండె రూతమ్మా?”

నేను ఆమె ముఖం చూశాను. నవ్వులాట కాదు. నిజంగా కడుపు మండి అడుగుతోంది. కోడి పెట్టినందుకు కాదు ఆమెకు కోపం, తనకు చెప్పనందుకు. ఇన్నాళ్ళూ మేం భయపడింది ఒకదానికి, తప్పు చేసింది ఇంకోదాంట్లో.

తలుపు తోసుకుని సారు వచ్చాడు. తల్లి చేతిని, మూతిని, తట్టను చూసి గోడకు ఆనుకున్నాడు.

“అమ్మా, నేనే చెయ్యమన్యా. ఆమెను ఏమీ అనొద్దు.”

“నిన్నూ అనను, ఆమెనూ అనను. నీ కడుపు బాగుండాదా?”

“బాగుండాదమ్మా.”

“ఎన్నాళ్ళ నుంచి?”

ఆయన నా వైపు చూశాడు. శ్రావణం అని ఆమే చెప్పేసింది. తరువాత ఆయనను చాలాసేపు తిట్టింది. అవి ఇక్కడ రాయను, కొన్ని రాయడానికి నాకు అక్షరాలు కూడా రావు. మధ్యలో ఆయన, గంగమ్మకు ముందుగా చెప్పకుండా తింటివి, ఆమెకు కోపం రాదా అని నసిగాడు.

“గంగమ్మ నాకన్నా ఎక్కువ కోడి తింటాదిరా. ఆకలంటే ఏందో ఆమెకు తెలుసు” అంది.

అప్పుడు కొంచెం గొంతు తగ్గించి, నాతో కాకుండా పొయ్యితో చెప్పినట్టు చెప్పింది. వరండాలో కూర్చున్నప్పుడు వాసన వచ్చిందట. కొడుకు బుగ్గలు చూసి లోపల ఏముందో పోల్చుకుందట. సాయిబునూ, నన్నూ పంపేసి, ఒక్కటి రుచి చూసి మూత పెట్టేద్దామనుకుందట. “నేను ఈ వంటింట్లో తిన్యానని మా ఊర్లో తెలియగూడదు” అంది.

“నేనెందుకు చెప్తానమ్మా” అన్నాను. మా ఇద్దరి మధ్య ఆ విషయం మాట్లాడుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ తరువాత ఆమె వచ్చినప్పుడల్లా వరండాలో తన పొయ్యి తను పెట్టుకునేది, అందరూ చూసేటట్టు. దాని మీద ఉత్త నీళ్ళు కాగేవి.

బయట చెప్పుల చప్పుడైంది. ఓవర్సీయరు, వెనక నరసింహులు, వాళ్ళ వెనక ఖాజా సాయిబు. ఓవర్సీయరు లోపలికి తొంగి చూసి చేతులు కట్టుకున్నాడు. నరసింహులుకు అన్నీ చూపించారా అమ్మా, ఈ రోజు నుంచే పెట్టుకుంటే సరిపోతుంది, ఈమెకు వారం రోజుల్లో గది ఖాళీ చెయ్యమని చెప్తాను అన్నాడు. ఆ మాట నా ఎదురుగానే అన్నాడు.

సుబ్బమ్మగారు పీట మీద నుంచి లేవలేదు. సత్తుగిన్నెను కొంగు కిందికి జరిపింది. వీపు నిటారుగా పెట్టి, ఊరి పంచాయితీలో కూర్చున్నట్టు కూర్చుంది.

“నరసింహులును తిరిగి పంపిస్తాండా. గంగమ్మకు మొక్కు తీర్చే పని ఉండాది, కోళ్ళు చూడాల వాడు. మా వానికి ఈమె పథ్యమే పడింది. మనిషిని నిలబెట్టింది. ఈమెను ఈడ నుంచి కదిలిస్తే, ఎవురు కదిలించినారని నేను అడుగుతా.”

ఓవర్సీయరు ఆమె మూతి కొస వైపు చూశాడు. అక్కడ ఎర్రటి పులుసు మరక ఉంది. తట్ట వైపు చూశాడు. ఆయన అడగవలసింది చాలానే ఉందని ఆయన కళ్ళు చెబుతున్నాయి. సారు పైకప్పు వాసాలు లెక్కపెడుతున్నాడు. ఖాజా సాయిబు తల వంచి గడ్డంలోకి నవ్వుకుంటున్నాడు. చివరికి ఓవర్సీయరు, చిత్తమమ్మా అన్నాడు. ఆయన వెనకనే గరిటె చంకలో పెట్టుకుని నరసింహులూ వెళ్ళిపోయాడు, నాకు మాత్రం అతని ముఖంలో బాధేమీ కనపడలేదు.

వాళ్ళ చెప్పుల చప్పుడు గేటు దాటేవరకు సుబ్బమ్మగారు కదలలేదు. దాటాక కొంగుతో మూతి తుడుచుకుని, సత్తుగిన్నెను బయటికి తీసి, తట్టలోకి వంగి చూసింది.

“ఆ అడుగున అంటుకోని మాడినట్టు ఉండేది ఎవురిది?”

“సాయిబుదమ్మా. అది ఎప్పుడూ ఆయనదే. చట్టం” అన్నాను.

ఆమె ఖాజా సాయిబు వైపు చూసింది. ఖాజా సాయిబు ఆమె వైపు చూశాడు. తరువాత ఆయనే గరిటె అందుకుని, ఆ చుట్టను విరగకుండా జాగ్రత్తగా గీరి తీసి, సత్తుగిన్నెలో వేశాడు.